గుట్టుగా అమ్మే సరుకుకు న్యాయమైన ధర ఉంటుందా?



ధరల తేడా తాండూరు వారికి కొత్త సంగతేమీ కాదు. మన నాపబండనే తీసుకోండి. గని గట్టున చదరపు అడుగుకు ఒక ధర పలుకుతుంది. అంచులు కోసి నునుపు పట్టించాక దాని ధర వేరు. హైదరాబాదులో ఇల్లు కట్టుకునేవాని గుమ్మం ముందు లారీ దించాక ఇంకొక ధర. బండ అదే. మధ్యలో కూలీ, కరెంటు, డీజిలు, దారిలో పగిలిన బండల నష్టం, ఉద్దెర ఇచ్చి ఆరు నెలలు తిరిగినవాని ఓపిక, ఇవన్నీ వచ్చి దానిమీద కూర్చున్నాయి. దీన్ని ఎవరూ అన్యాయం అనరు. కందుల సంగతీ అంతే. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడి నల్లరేగడిలోని బంకమన్ను, ఈ ప్రాంతపు సున్నపురాయి నిక్షేపాలు ఆ పప్పు రుచికీ, నాణ్యతకూ కారణమని ఆ గుర్తింపు చెబుతుంది. కనుక మన పప్పు మామూలు పప్పుకంటే నాలుగు రూపాయలు ఎక్కువ పలికితే అది నేల ఇచ్చిన తేడా. అయితే ఎక్కడి పప్పునో సంచిలో పోసి, పైన ‘తాండూరు’ అని అచ్చువేసి, అదే ధరకు అమ్మేవాని మాటేమిటి? అక్కడ ధరలో తేడా లేకపోవడమే మోసం. ధర వేరైనంత మాత్రాన అన్యాయం జరిగినట్లు కాదు. ధర ఒకటైనంత మాత్రాన న్యాయం జరిగినట్లూ కాదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఈమధ్య ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. సంతలో కూరగాయలు అమ్ముకుని కొడుకును హైదరాబాదులో చదివిస్తున్నది. సెలవులకు వచ్చిన కొడుకు ప్యాంటు ఉతకబోతే జేబులో వేలెడంత వస్తువు కనబడింది. ఏదో కంప్యూటరు సామాను అనుకున్నది. పక్కింటి పిల్ల చూసి అది ఎలక్ట్రానిక్ సిగరెట్టని చెప్పింది. తల్లి నిలదీస్తే కుర్రవాడు తప్పు ఒప్పుకోలేదు సరికదా, గదిలో స్నేహితుడు ఇదే వస్తువుకు రెట్టింపు పెట్టాడనీ, తాను మాత్రం తెలివిగా సగానికే తెచ్చుకున్నాననీ చెప్పాడట. ఆమె నాతో అన్న మాట ఇది: “ఫాదర్, పొగ తాగిండని ఏడ్వాల్నా, సస్తగ కొన్నడని సంబరపడాల్నా? అయినా గదే వస్తువు ఒకనికో రేటు, ఇంకొకనికో రేటు ఎట్లయితది?”

ఇది అమాయకురాలి ప్రశ్న అని కొట్టివేయలేము. ఏళ్ళ తరబడి తక్కెడ పట్టిన చెయ్యి అడిగిన ప్రశ్న. అందుకే దీనికి ఈ వారం ఈ శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాను.

తెలియని పెద్దలకోసం ముందుగా రెండు మాటలు. ఈ సిగరెట్టులో పొగాకు ఆకు ఉండదు, నిప్పు ఉండదు. చిన్న బ్యాటరీ, వేడెక్కే తీగచుట్ట, దాని పక్కన కాస్త ద్రవం ఉంటాయి. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సాధారణంగా నికోటిన్, వాటితోపాటు మామిడిపండుదో పుదీనాదో వాసన కలుపుతారు. పీల్చినప్పుడు తీగ వేడెక్కి ద్రవం ఆవిరవుతుంది. 2003లో చైనా ఔషధ నిపుణుడు హాన్ లిక్ దీనిని రూపొందించాడు. నేటికీ ప్రపంచంలో అమ్ముడయ్యే సరుకులో అత్యధిక భాగం చైనాలోని షెన్‌జెన్ నగర ప్రాంతంలోనే తయారవుతుంది. మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారా, అదే ఏడాది డిసెంబరులో చట్టం ద్వారా దీనిని నిషేధించారు. తయారుచేయడం, దిగుమతి చేయడం, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాదివరకు జైలు, లేదా లక్ష రూపాయలవరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే 3 ఏళ్ళవరకు జైలు, 5 లక్షలవరకు జరిమానా. నిల్వ చేసినవానికి 6 నెలలవరకు జైలు గాని, 50 వేలవరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అంటే చట్టం కంటికి ఈ దేశంలో ఈ సరుకు అమ్మే దుకాణం ఒక్కటి కూడా లేదు. అయినా అమ్ముడవుతున్నది. హైదరాబాదులో పోలీసులు వీటిని స్వాధీనం చేసుకున్న వార్తలు ఏటా పత్రికల్లో చూస్తూనే ఉన్నాం.

మామూలు సిగరెట్టు పెట్టెమీద గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసి ఉంటుంది. తూనికలు కొలతల చట్టం ప్రకారం అంతకుమించి తీసుకుంటే ఫిర్యాదు చేయవచ్చు. విడిగా ఒక్కటి కొంటే పాన్‌డబ్బావాడు చిల్లర లేదని రూపాయి పైకి లాగుతాడు, అది వేరే సంగతి. ఈ కొత్త సరుకుమీద అచ్చువేసిన ధర లేదు, బిల్లు లేదు, పాడైతే మార్చి ఇచ్చే దిక్కు లేదు. పన్ను కట్టని సరుకు కాబట్టి చౌకగా రావాలి గదా అని మీరు అడగవచ్చు. పన్ను కూర్చోవలసిన చోట భయం వచ్చి కూర్చున్నది. జైలు భయం కూడా వ్యాపారికి ఒక ఖర్చే. రేపు పడబోయే జరిమానాను, పోబోయే సరుకును, ఇవ్వవలసిన లంచాన్ని లెక్కగట్టి ఈరోజు కొనేవాళ్ళందరి దగ్గరా కొంచెం కొంచెంగా ముందే వసూలు చేసి పెట్టుకుంటాడు. పన్ను అందరికీ ఒక్కటే. భయం మాత్రం ఎవనిది వానికి. పెద్ద దుకాణం పెట్టుకుని బల్లకింద నుండి అమ్మేవానికి పోగొట్టుకోవడానికి దుకాణముంది కనుక వాడు ఎక్కువ అడుగుతాడు. హాస్టలు గదులు తిరుగుతూ సంచిలో ఐదు వస్తువులు పెట్టుకుని అమ్మే కుర్రవానికి పోయేదేమీ లేదనుకుంటాడు కనుక తక్కువకే ఇస్తాడు. ఫోనులో మాట్లాడుకుని ఇంటికి పంపేవాడు, ఆ పంపిణీ కుర్రవాని నోరు మూయించే ఖర్చును కూడా కలుపుతాడు. తెచ్చే దారిలో ఎన్ని చేతులు మారితే అన్ని సార్లు ధర మారుతుంది.

ఇంతవరకు మన బండల లెక్కలాగే ఉంది. తేడా ఇక్కడినుండి మొదలవుతుంది. మన బండను తట్టి చూడవచ్చు, పప్పును నోట్లో వేసుకుని చూడవచ్చు. ఈ వస్తువు లోపల ఏముందో కొనేవానికి తెలియదు, చాలాసార్లు అమ్మేవానికీ తెలియదు. పేరున్న రకానికి నకిలీలు పుట్టాయి. పైడబ్బా ఒకటే, లోపలి బ్యాటరీ వేరు, ద్రవం వేరు, నికోటిన్ పాళ్ళు వేరు. కాబట్టి ఆ తల్లి ప్రశ్నకు మొదటి జవాబు ఏమంటే, “అమ్మా, గదే వస్తువు అని నీ కొడుకు అనుకుంటున్నాడు గాని, గదే వస్తువో కాదో చెప్పగలవాడు లేడు.”

చౌక ఎంత ఖరీదైనదో 2019లో అమెరికా చూసింది. ఇలాంటి పరికరాలు పీల్చినవారు ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ లెక్కగట్టిన కేసులు 2807, మరణాలు 68. ఎక్కువమంది వాడినది దొంగచాటున అమ్మిన, గంజాయి సారం కలిపిన ద్రవం. దానిని చిక్కగా కనబరచడానికి కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అనే నూనెలాంటి పదార్థమే ముఖ్య కారణమని పరిశోధకులు తేల్చారు. అది చర్మానికి రాసే లేపనాల్లో వాడేదే, అక్కడ దానివల్ల హాని లేదు. ఊపిరితిత్తులు మాత్రం చర్మం కావు. కందిపప్పులో కేసరిపప్పు కలిపేవాని బుద్ధి, ఈ నూనె కలిపినవాని బుద్ధి ఒకే తక్కెడలో తూగుతాయి.

ఇక ముఖం చూసి బొట్టు పెట్టే వ్యాపారం ఒకటుంది. మంచి చెప్పులు, ఖరీదైన ఫోను ఉన్న విద్యార్థికి ఒక ధర. బస్సు పాసుతో వచ్చినవానికి ఒక ధర. కొత్తవానికి మొదటిసారి దాదాపు ఊరికే ఇచ్చినట్లుగా ఇవ్వడం కూడా ఇందులో భాగమే. ఆ తగ్గింపు దయ కాదని ఎర వేసి చేపలు పట్టేవారికి నేను చెప్పనక్కరలేదు.

విదేశాలలో చదువుకుంటున్న మన పిల్లలు ఫోనులో మాట్లాడుతూ, అక్కడ ఇది చట్టబద్ధమే గదా అంటారు. నిజమే. చట్టబద్ధమైన చోట కూడా ధర ఒక్కటిగా లేదు. అమెరికాలో రాష్ట్రానికొక పన్ను. మిన్నెసోటాలో టోకు ధరమీద 95 శాతం పన్ను వేస్తారు. సరిహద్దు దాటితే ఆ లెక్క మారిపోతుంది. మనవాళ్ళకు ఇది వింత కాదు, సేడం వైపు వెళ్ళి పెట్రోలు పోయించుకున్నవారికి రెండు ప్రభుత్వాల పన్నుల తేడా బాగా తెలుసు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి మందుల దుకాణాల్లో తప్ప అమ్మరాదన్నది. అక్కడ కూడా చీకటి బజారు మూతపడలేదు. ఇంగ్లండులో మామూలు సిగరెట్టు మానాలనుకునే పెద్దవారికి ఇది తక్కువ హాని అని ఆరోగ్య అధికారులే చెబుతారు. ఆ ప్రభుత్వమే, పిల్లల చేతుల్లో పడుతున్న ఒకసారి వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుండి నిషేధించింది. పొగ మానలేక తంటాలు పడే 50 ఏళ్ళవాని సంగతి ఒకటి, ఎన్నడూ పొగ తాగని 18 ఏళ్ళవాని సంగతి వేరొకటి. రెండింటినీ ఒకే గాటన కట్టడం తగదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రెట్టింపు ఇచ్చిన ఆ స్నేహితునికి అన్యాయం జరిగిందా?

న్యాయమైన ధర ఏది అన్న విషయంమీద శ్రీసభ పండితులు వందల ఏళ్ళు తర్కించారు. 16వ శతాబ్దంలో స్పెయినులోని సలమంకాలో బోధించిన ఫ్రాన్సిస్కో దె విటోరియా వంటి గురువులు ఒక ఆచరణయోగ్యమైన మాట చెప్పారు. వస్తువు తయారీకి ఎంత ఖర్చయిందన్న దానికంటే, మోసమూ గుత్తాధిపత్యమూ లేనిచోట కొనేవారు అమ్మేవారు అందరూ కలిసి సామాన్యంగా ఎంత విలువ కడతారో అదే న్యాయమైన ధర అన్నారు. సెమినరీలో దీన్ని చదివినప్పుడు పుస్తకంలోని మాటగానే తోచింది. మార్కెట్ యార్డులో కందుల రాసి చుట్టూ ఖరీదుదారులు చేరి పాట పాడుతుంటే చూశాక దాని అర్థం తెలిసింది. అక్కడ ధర పదిమంది చెవుల్లో పడుతుంది. ఒకడు మరీ తక్కువ పలికితే రైతు ముఖం తిప్పుకుంటాడు, పక్కవాడు నవ్వుతాడు, ఇంకొకడు పది రూపాయలు పెంచుతాడు. వ్యాపారులు కుమ్మక్కయితే ఆ పాట కూడా అబద్ధమవుతుంది, ఆ సంగతి రైతులే నాకంటే బాగా చెప్పగలరు. అయినా బిగ్గరగా చెప్పిన ధరను సరిదిద్దడానికి దారి ఉంటుంది. చెవిలో చెప్పిన ధరను ఎవడు సరిదిద్దుతాడు? ఎలక్ట్రానిక్ సిగరెట్టు ధర చెవిలో చెప్పే ధర. నలుగురు కలిసి విలువ కట్టే అవకాశమే అక్కడ లేదు. కాబట్టి సగం ధర న్యాయమా, రెట్టింపు ధర న్యాయమా అని అడిగితే, పోల్చి చూడడానికి అక్కడ కొలబద్దే లేదని చెప్పాలి. తన కొడుకు చౌకగా కొన్నాడన్న మాట కూడా నిలబడదు. దేనికంటే చౌక?

13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసువారు ఇంకా లోతుకు వెళ్ళారు. కొనుగోలు, అమ్మకాలలోని మోసాన్ని గూర్చి వ్రాస్తూ ఆయన ఒక సందర్భాన్ని తీసుకుంటారు. ఒక వస్తువు లేకపోతే అమ్మేవానికి పెద్ద కష్టమైతే, ఆ కష్టాన్ని ధరలో కలుపుకోవచ్చు. కొనేవానికి ఆ వస్తువు అత్యవసరమైనంత మాత్రాన, అమ్మేవానికి ఏ నష్టమూ లేనప్పుడు, ధర పెంచరాదు. ఎందుకంటే అవసరం కొనేవానిది. తనది కానిదాన్ని అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. నాకు ఆయన రచనల్లో ఇంత సూటి తర్కం మరెక్కడా కనబడలేదు. ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు ధర రెట్టింపు చేసేవానికీ, రాత్రివేళ రోగిని ఎక్కించుకుని బేరమాడే వాహనదారునికీ ఇది వర్తిస్తుంది. సత్యోపదేశ గ్రంథం 2409వ అంశంలో ఇతరుల అజ్ఞానాన్నో ఇబ్బందినో ఆసరా చేసుకుని ధర పెంచడాన్ని ఏడవ ఆజ్ఞకు విరుద్ధమైన పనుల్లో చేర్చింది కూడా ఇందువల్లనే.

నికోటిన్ విషయంలో ఈ తర్కం మరింత పదునెక్కుతుంది. దాహాన్ని దేవుడు పెట్టాడు, రోగం తనంతట వచ్చింది. ఇక్కడి అవసరాన్ని మాత్రం అమ్మేవాడే తయారుచేశాడు. మొదట ఎరగా తక్కువ ధరకు అవసరాన్ని అంటగట్టి, తరువాత ఆ అవసరానికే వెల కడుతున్నాడు. అలవాటు పడినవాడు బేరమాడే స్వేచ్ఛను సగం పోగొట్టుకున్న తరువాతనే బేరానికి కూర్చుంటాడు. ‘ఇష్టపడే కొన్నాడు గదా’ అనే వ్యాపారి మాట మొదటిసారికి కొంత చెల్లుతుందేమో గాని, నలభైయవసారికి చెల్లదు.

ఇంతకూ నిషిద్ధమైన సరుకులో మోసం చేస్తే అది వేరే పాపమా? దొంగ దొంగను మోసగిస్తే మనకెందుకని చాలామంది అనుకుంటారు. తోమాసువారు అలా అనుకోలేదు. వేశ్య తీసుకున్న డబ్బును గూర్చి ఆయన వ్రాసినది చదివితే నేటివారు కూడా ఆశ్చర్యపోతారు. ఆ వృత్తి పాపమే, అయినా ఇచ్చినవాడు తెలిసి ఇచ్చాడు కనుక ఆ సొమ్ము తిరిగి ఇవ్వనక్కరలేదంటారు. కానీ మాయమాటలతో, కపటంతో ఎక్కువ గుంజితే, గుంజినంత తిరిగి ఇవ్వాలంటారు. అంటే తప్పుడు వ్యాపారంలో దిగినవాడు కూడా సత్యానికి బాకీ పడే ఉంటాడు. నకిలీని అసలని చెప్పి రెట్టింపు తీసుకున్నవాడు రెండు తప్పులు చేశాడు. ఒకటి రెండవదానిలో కలిసిపోదు.

సీరా గ్రంథకర్త అమ్మకం కొనుగోలులను గూర్చి చెబుతూ రాళ్ళ సందున దిగిన మేకును పోలికగా వాడాడు. మిగతా ఊళ్ళలో ఈ పోలికను వివరించవలసి వస్తుందేమో గాని, గనిలో పొరకూ పొరకూ మధ్య ఉలి దించి బండను లేపే తాండూరులో ఆ అవసరం లేదు. అలా దిగిన మేకు ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఇక్కడి కూలివానికి తెలుసు.

ఒక న్యాయమైన అభ్యంతరం వినబడుతూ ఉంటుంది. బీడీ, సిగరెట్టు, గుడ్డముక్కలా వాసన కొట్టే జర్దా ఊరంతా దొరుకుతుంటే దీన్నొక్కదాన్నే ఎందుకు నిషేధించారు? మన దేశంలో పొగాకువల్ల ఏటా సుమారు 13.5 లక్షలమంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ప్రభుత్వ రంగంలోని జీవిత బీమా సంస్థకు దేశంలోకెల్లా పెద్ద సిగరెట్టు కంపెనీలో వాటా ఉందన్న సంగతిని విమర్శకులు అప్పుడే గుర్తుచేశారు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల్లో బీడీలు చుట్టి పిల్లల్ని పెంచుకునే తల్లులు ఉన్నారన్నది దానికి మరొక ముఖం. అచ్చువేసిన ధర ఉన్నంత మాత్రాన సిగరెట్టు నిర్దోషి కాదు. ధర బహిరంగంగా ఉండడం వల్ల దాని అమ్మకంలో ఒక రకపు మోసం తగ్గింది, అంతే.

ఈ విషయంలో మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. వాటికను నగరంలో ఉద్యోగులకు, విశ్రాంత సిబ్బందికి సిగరెట్లు రోము నగరం కంటే తక్కువ ధరకు అమ్మేవారు. పన్ను లేదు కనుక చౌక. అదీ ఇద్దరు విక్రేతల మధ్య ధరల తేడాయే, పైగా పూర్తిగా చట్టబద్ధమైనది. దానివల్ల ఆదాయం కూడా బాగానే వచ్చేది. కీర్తిశేషులు జగద్గురువులు ఫ్రాన్సిసువారు 2017 నవంబరులో ఆ అమ్మకాన్ని ఆపివేస్తున్నట్లు ప్రకటింపజేసి, 2018 నుండి ఆపించారు. ప్రజల ఆరోగ్యానికి హాని చేసే పనిలో పవిత్ర పీఠం భాగం పంచుకోరాదన్నది చెప్పిన కారణం. ధర పెంచి సరిపెట్టుకోవచ్చు గదా అని ఎవరైనా సలహా ఇచ్చారో లేదో గాని, ఆయన ధర జోలికి పోలేదు, సరుకునే తీసివేశారు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఇలాంటి వ్యాపారం చేసిన కుర్రవాడొకడు పాపసంకీర్తనానికి వచ్చి, ఆ సొమ్ము ఏం చేయమంటారు అని అడిగితే? అసలు ధర ఏదో తేలని చోట ఎంత ఎక్కువ తీసుకున్నాడో లెక్క కట్టడం ఎలా? నా జవాబు ఇలా ఉంటుంది. నకిలీ అని తనకు తెలిసి అసలని చెప్పి తీసుకున్న ప్రతి రూపాయి, ఎవరి దగ్గర తీసుకున్నాడో వారికే చేరాలి. ముఖం చూసి, అలవాటు చూసి పెంచినది కూడా అందులోకే వస్తుంది. మిగిలిన లాభాన్ని కొన్నవారికి తిరిగి ఇవ్వవలసిన బాధ్యత లేదు గాని, దాన్ని దగ్గర ఉంచుకోవడం కంటే దానం చేయడం మంచిది. బిల్లులు లేవు, పేర్లు వ్రాసుకోలేదు అంటాడేమో. హక్కుదారు ఎంతకూ దొరకకపోతే ఆ సొమ్మును అతని మేలుకోసం బీదలకు దానం చేయమని తోమాసువారే చెప్పారు. అయితే ముందుగా శ్రద్ధతో వెతకాలన్నది ఆయన పెట్టిన షరతు. గదిగదికీ తిరిగి అమ్మినవానికి ఆ గదుల వరుస గుర్తుండకుండా పోదు.